పన్నెండు బటన్ల ప్రపంచ సంగీతం: నాలుగు నెలలు విన్న తాత రివ్యూ

మా మనవరాలి మూడో పుట్టినరోజుకి ఎవరో ఒక పాటల పుస్తకం ఇచ్చారు. పేజీలన్నీ గట్టి అట్టలే. కుడిపక్కన నిలువుగా 12 బటన్లు, వాటి కింద చిన్న స్పీకరు. ఒక్కో బటన్ నొక్కితే ప్రపంచంలో ఒక్కో చోటి సంగీతం 15 సెకన్లు మోగి ఆగిపోతుంది. ఇలాంటివి ఇప్పుడు చాలా కంపెనీలు చేస్తున్నాయి, లోపలి సరుకూ ఇంచుమించు ఒకేలా ఉంటోంది. అందుకే కంపెనీ పేరు రాయడం లేదు. ఈ రకం పుస్తకం కొనాలనుకునేవాళ్లకి నేను చెప్పేది పనికొస్తే చాలు.

నా గురించి ఒక ముక్క. చిన్నప్పుడు 9 ఏళ్లు మృదంగం నేర్చుకున్నాను. కచేరీ చేసేంత రాలేదు. ఉద్యోగంలో పడ్డాక మృదంగం అటకెక్కింది కానీ చెవి మాత్రం లెక్క మానలేదు. ఫ్యాను టకటకలాడినా ఎన్ని మాత్రలో, అంటే తాళంలో ఎన్ని దెబ్బలో, చూసుకునే జబ్బు ఇప్పటికీ ఉంది. కొడుకూ కోడలూ ఉద్యోగాలకి వెళ్తే సాయంత్రం దాకా పిల్ల నా దగ్గరే. అంటే ఈ పుస్తకం రోజుకి నలభై యాభై సార్లు నా పక్కనే మోగుతుంది. ఇలా నాలుగు నెలలు. రివ్యూ రాసే అర్హత ఈపాటికి వచ్చేసిందనుకుంటాను.

ముందు బొమ్మగా ఎలా ఉందో చెప్పేస్తాను. గట్టిదే. నమిలింది, విసిరింది, దాని మీద కూర్చుంది, ఏమీ కాలేదు. అయితే వాల్యూమ్ తగ్గించే మీట లేదు. "మావయ్యగారూ, దీన్ని ఎక్కడైనా దాచేయండి" అని మా కోడలు రెండో రోజే అంది. పిల్లలు ఇలాంటి వస్తువుని దూరంగా పెట్టుకుని వినరు, స్పీకరుకి చెవి ఆనిస్తారు. మాదీ అదే చేసింది. పాటలు వినే పరికరాల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి 40 గంటల లెక్కన పెద్దవాళ్లకి 80 డెసిబెల్స్, పిల్లలకి 75 అని హద్దు పెట్టింది. ఈ పుస్తకం చేసినవాళ్లు ఆ సంగతి పట్టించుకున్నట్టు లేదు. స్పీకరు కన్నాల మీద రెండు పొరలు టేపు అంటించాను, అప్పటికి ఇల్లు ఇల్లులా అయింది.

ఇంకొకటి, ఇది టెన్షన్ పడాల్సిన విషయమే. లోపల ఉండేవి గుండ్రటి బటన్ బ్యాటరీలు. పిల్లలు పొరపాటున మింగితే రెండు గంటల్లోపే అన్నవాహిక లోపల కాలిపోయే ప్రమాదం ఉంది. ఈ పుస్తకంలో బ్యాటరీ మూతకి స్క్రూ ఉంది, సంతోషం. స్క్రూ లేనిది మాత్రం ఎంత బాగా పాడినా కొనకండి.

ఇక అసలు సంగతి, సంగీతం.

కొత్త పుస్తకం ఏది చేతికొచ్చినా ముందు నాకు తెలిసిన చోటే చూస్తాను. ఇందులో అది ఇండియా పేజీ. ఏనుగు బొమ్మ, పక్కన సితార్. బటన్ నొక్కాను. సితార్ శబ్దమే వచ్చింది. కానీ తీగని లాగి స్వరాన్ని వంచడమే కదా సితార్‌కి ప్రాణం, ఈ సితార్ 15 సెకన్లలో ఒక్కసారి కూడా వంగదు. మెట్లెక్కే పిల్లాడిలా స్వరం మీంచి స్వరం మీదకి గెంతుతుంది. వెనకాల తబలా పేరుతో పెట్టింది కీబోర్డులో పుట్టిన దరువు. మృదంగం ఊసే లేదు. సరే, అది నా సొంత బాధ, వదిలేద్దాం.

అప్పుడు అనుమానం వచ్చింది. తెలిసిన పేజీలోనే ఇంత తేడా ఉంటే తెలియని పదకొండు పేజీల మాటేమిటి? అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు చాలు కదా. ఆ అనుమానంతోనే ఒక్కో బటన్ పాటకీ అసలు రికార్డింగులు వెతికి, రెండూ పక్కపక్కన పెట్టి వినడం మొదలుపెట్టాను. పిల్ల కూడా పక్కనే కూర్చుని వినేది. ఈ నాలుగు నెలల్లో నేను ఇన్ని రకాల సంగీతం విన్నానంటే కారణం ఈ పుస్తకం మీద వచ్చిన కోపమే.

బల్గేరియా పేజీ తీసుకోండి. ఎర్ర పరికిణీల అమ్మాయిలు చేతులు పట్టుకుని ఆడుతుంటారు. బల్గేరియాలో రచెనిత్స అనే ఆట ఉంది. దాని నడక ఏడు మాత్రలు, రెండు, రెండు, మూడుగా. మృదంగం భాషలో చెప్పాలంటే తక తక తకిట. మన మిశ్రచాపు తాళం కూడా ఏడే, కానీ అందులో తకిట ముందొచ్చి తకధిమి వెనకొస్తుంది. వాళ్ల పొడుగు అడుగు చివర్లో పడుతుంది. ఆ చివరి అడుగు దగ్గర మనిషి గాల్లో రవ్వంత ఎక్కువసేపు నిలబడినట్టు ఉంటుంది, అందులోనే ఉంది మజా.

పుస్తకంలో మోగేది ఎనిమిది. చివర ఒక మాత్ర కలిపేసి తకధిమి తకధిమిగా చదును చేసి పారేశారు. మొదట నాకే లెక్క తప్పిందేమోనని తొడ మీద నాలుగుసార్లు తాళం వేసి చూసుకున్నాను. తప్పు నాది కాదు. ఇంకాస్త వింటే అర్థమైంది, మెక్సికో పేజీ కిందా ఐర్లాండ్ పేజీ కిందా ఇండియా పేజీ కిందా మోగేది కూడా ఇదే దరువు. మళ్లీ మళ్లీ తిరిగే ఒకే డ్రమ్ము లూపు మీద రకరకాల రంగులు పూసి రకరకాల దేశాలన్నారు. పని తేలిక మరి.

అసలు రచెనిత్స రికార్డింగు పెట్టినప్పుడు మొదటి రెండు రోజులు పిల్ల పట్టించుకోలేదు. మూడో రోజు బట్టలు మడతపెడుతూ నేను నోటితో తక తక తకిట అనుకుంటున్నాను. అది నా తువ్వాలు నెత్తిన వేసుకుని తిరుగుతోంది. "కిట" దగ్గరికి వచ్చేసరికి మోకాళ్లు వంచి ఒక గెంతు గెంతింది. మళ్లీ అన్నాను, మళ్లీ సరిగ్గా అక్కడే గెంతింది. నేను ఆపేస్తే తనే అందుకుంది: "తక తక తకితా." టకారం పలకలేదు కానీ చివర దీర్ఘం ఇచ్చింది. పొడుగు అడుగు ఎక్కడుందో దానికి దొరికేసింది. నాకు ఆ ఏడు మాత్రలు గురువుగారి దెబ్బలతో వచ్చాయి.

దీని గురించి జరిగిన పరిశోధన ఒకటి ఇక్కడ చెప్పుకోవాలి. ఎరిన్ హానన్, సాండ్రా ట్రెహబ్ అనే ఇద్దరు 2005లో అచ్చువేశారు. ఉత్తర అమెరికాలో పెరుగుతున్న 6 నెలల పిల్లలకి బాల్కన్ ప్రాంతపు పాటలు వినిపించి, మధ్యలో నడక చెడగొట్టి చూశారు. ఆ పసివాళ్లు తేడా పట్టేశారు. 12 నెలల పిల్లలు మాత్రం తమ చుట్టూ వినిపించే సంగీతం లాంటిదాంట్లోనే పట్టగలిగారు, బాల్కన్ నడకలో పట్టలేకపోయారు. అయితే ఆ ఏడాది పిల్లలకే రెండు వారాల పాటు ఇంట్లో ఆ పాటలు వినిపిస్తే చెవి మళ్లీ తెరుచుకుంది. పెద్దవాళ్లకి అదే చేస్తే అంత ఫలితం రాలేదు. వాళ్లు చూసింది ఏడాది పిల్లల్ని, మాదానికి మూడేళ్లు నిండాయి, కాబట్టి ఆ ఫలితాన్ని తెచ్చి దీనికి అంటగట్టను. నా గొడవ వేరు. పిల్ల చెవికి కొత్త నడక వినిపించడానికి చేసిన పుస్తకం, ఆ కొత్త నడకనే తీసేసి రోజూ వినే ఎనిమిదినే మళ్లీ వినిపిస్తే ఇక దేనికి?

ఆఫ్రికా పేజీ దగ్గర ఇంకో గొడవ. మిగతా వాటికి దేశం పేరో ప్రాంతం పేరో ఉంది. దీనికి మాత్రం ఖండం మొత్తానికి ఒకటే పేజీ, ఒక జిరాఫీ. 54 దేశాలకి ఒక జిరాఫీ. బొమ్మలో జింబాబ్వే ఎంబిరానీ, మాలి, గినీ వైపు జెంబే డోలునీ ఒకే చెట్టు కింద కూర్చోబెట్టారు. ఆ రెండు చోట్లకీ మధ్య వేల కిలోమీటర్లు.

ఎంబిరా శబ్దం వినడానికి హాయిగానే ఉంది, అదే దానితో వచ్చిన చిక్కు. షోనా వాళ్ల ఎంబిరా అంటే చెక్కపలక మీద బిగించిన ఇనప రేకులు, వేళ్లతో మీటుతారు. పలకకి గవ్వలో సీసా మూతలో తగిలించి ఉంటాయి. రేకు మీటినప్పుడల్లా అవి గుయ్యిమంటాయి. ఆ గుయ్యిమనడం నాదంలో భాగం, కావాలని పెట్టుకున్నది. తంబురా పట్టుకున్నవాళ్లకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు, బ్రిడ్జి దగ్గర తీగ కింద దారప్పోగు దూర్చేది ఆ జుమ్మనే జీవం కోసమే. పుస్తకంవాళ్లు ఆ చప్పుడంతా కడిగేసి, కీ ఇస్తే మోగే బొమ్మపెట్టెలా తయారుచేశారు.

మా అబ్బాయి ఒక కలింబా తెచ్చాడు. ఎంబిరా జాతి వాద్యాల్ని చూసి హ్యూ ట్రేసీ అనే ఆయన 1950లలో తయారుచేయించి అమ్మిన రూపం అది. అదీ శుభ్రంగానే మోగుతుంది. రేకుల కింద ఒక కాగితం ముక్క అంచు తగిలేలా దూర్చి మీటాను. పిల్ల మీద ఉన్న దుప్పటి తీసేసి లేచి కూర్చుంది. "తాతా, తేనెటీగ వచ్చింది." ఆ రోజు నుంచి కాగితం తియ్యనివ్వదు. తీస్తే "తేనెటీగ ఏదీ?" అంటుంది.

ఇండోనేషియాకి రెండు పేజీలిచ్చారు, అందుకు మెచ్చుకోవాలి. ఒకటి బాలి గమెలాన్, అంటే కంచు వాద్యాల మేళం. అక్కడ కంచు పలకల వాద్యాల్ని జంటలుగా చేస్తారు. జంటలో ఒకదాని శ్రుతి రెండోదానికంటే రవ్వంత హెచ్చు, కావాలనే అలా పెడతారు. రెండూ కలిపి కొడితే నాదం అలలా ఊగుతుంది. దానికి వాళ్ల మాట ఒంబక్, అంటే అల. ఒక చోటి గమెలాన్ శ్రుతి ఇంకో చోటి దానితో కలవాలని లేదు, ఏ సెట్టుకి ఆ సెట్టే. పుస్తకంలో అది పియానో శ్రుతికి వచ్చేసింది, అల లేదు. ఒకేలాంటి రెండు స్టీలు గిన్నెల్లో నీళ్లు పోసి, ఒకదాంట్లో చెంచాడు ఎక్కువ పోసి, రెంటినీ ఒకేసారి తట్టి చూపించాను. వావ్ వావ్ వావ్ అని ఊగింది. పిల్ల గిన్నెకి చెయ్యి ఆనించి "కదుల్తోంది" అంది. గిన్నె కదలడం లేదు, శబ్దం కదులుతోంది. తర్వాత నీళ్లన్నీ నేల మీదే అనుకోండి.

రెండోది అంక్లుంగ్. వెదురు గొట్టాల వాద్యం, చేత్తో పట్టుకుని ఊపితే మోగుతుంది. ఒక్కో అంక్లుంగ్‌కి ఒక్కటే స్వరం. అంటే ఒక్కడే పాట వాయించాలంటే కుదరదు, తలా ఒక స్వరం పట్టుకుని తమ వంతు కోసం కాచుకోవాలి. 2010లో యునెస్కో దీన్ని మానవజాతి వారసత్వాల జాబితాలో చేర్చింది. చిన్నపిల్లలకి ఇంతకంటే మంచి వాద్యం ఏముంటుంది చెప్పండి. దాన్ని తీసుకొచ్చి ఒక్క బటన్‌లో పెట్టారు. నాలుగు చిన్న బటన్లు ఇచ్చి ఒక్కోదానికి ఒక్కో స్వరం పెట్టి ఉంటే అదే పుస్తకానికంతటికీ మంచి పేజీ అయ్యేది.

వాళ్లు చెయ్యనిది మేం చేశాం. ఒక ఆదివారం సాయంత్రం నలుగురం వరసగా కూర్చున్నాం. నాకు స, మా ఆవిడకి రి, అబ్బాయికి గ, కోడలికి ప. పిల్ల చేతిలో చెంచా. అది ఎవరి వైపు చూపిస్తే వాళ్లు తమ స్వరం అనాలి. మా ఆవిడ ముందే చేతులెత్తేసింది, "నాకు పాట రాదండీ, నన్నొదిలేయండి." ఒక్క స్వరమే కదా అంటే ఒప్పుకుంది, చివరికి అందరికంటే నిక్కచ్చిగా తనే పలికింది. అబ్బాయి మధ్యలో ఫోను చూసుకుంటుంటే గాంధారం రెండుసార్లు ఆలస్యమైంది. పిల్ల ఆట ఆపి చెంచాతో వాడి మోకాలి మీద కొట్టి, "నాన్నా, నిద్దరోయావా?" అంది. ఆ తర్వాత ఫోను పక్కగది చేరింది.

పుస్తకం మొత్తం మీద నాకు మనస్ఫూర్తిగా నచ్చిన పేజీ తువా. రష్యాలో, మంగోలియా సరిహద్దునున్న ప్రాంతం. అక్కడి ఖోమెయ్ గానంలో ఒకే గొంతులోంచి రెండు శబ్దాలొస్తాయి. కింద రంపం కోసినట్టు ఒక ఆధారశ్రుతి, పైన ఈల లాంటి పాట. మాయ ఏమీ లేదు. పలికిన ప్రతి స్వరంలోనూ పైస్థాయి అనుస్వరాలు దాక్కుని ఉంటాయి, నాలుకా పెదవులూ తిప్పి వాటిలో ఒకదాన్ని పైకి తేలుస్తారు. బాగా శ్రుతి కుదిరిన తంబురాలో ఎవరూ మీటకుండానే అంతర గాంధారం అనే స్వరం వినిపిస్తుందే, అదీ ఇదీ అన్నదమ్ములు. ఈ పేజీకి మాత్రం లూపు అతకలేదు కాబోలు, పాటని పాటలా వదిలేశారు. ఏమీ చెయ్యకపోవడం వల్ల బాగుపడిన పేజీ.

పిల్లకీ ఇదే ప్రాణం. మొదటిసారి విన్నప్పుడు నా వెనక దాక్కుంది. సాయంత్రానికి తనే గుర్రుమంటూ ఇల్లంతా తిరిగింది. రెండో రోజు దగ్గు పట్టుకుంది. "పిల్ల గొంతు పాడుచేసేదాకా ఊరుకోరా మీరు?" అని మా ఆవిడ నన్ను కేకలేసింది. న్యాయమే. గొంతు బిగించకుండా ఒకే శ్రుతిలో మెల్లగా ఊ-ఈ-ఊ-ఈ అంటూ పెదవులు మార్చడం నేర్పాను. అద్దం ముందు నిలబడి మూతి సున్నా చుట్టడం, సాగదీయడం, మళ్లీ సున్నా. ఈల రాలేదు. ఎవరికీ రాలేదు. గంటసేపు బాగా గడిచింది.

ట్రినిడాడ్ స్టీల్ పాన్ పేజీ ఫరవాలేదు, నూనె పీపాల నుంచి పుట్టిన ఆ వాద్యం శబ్దాన్ని మరీ పాడుచెయ్యలేదు. స్పెయిన్ పేజీలో చప్పట్లు బాగున్నాయి. జపాన్, మెక్సికో, ఐర్లాండ్ గురించి చెప్పడానికేమీ లేదు. మోగుతాయి.

చివరి పేజీ జోలపాట. నిజానికి ఆలోచన చక్కటిది. తెలియని భాషలోని జోలపాటలు విన్నా అమెరికాలోని పసిపిల్లల గుండె వేగం తగ్గిందని 2020లో ఒక అధ్యయనం వచ్చింది. మాదీ మొదటి రోజు ఆ పాట వింటూ కళ్లు మూసింది. సరిగ్గా పదిహేనో సెకను దగ్గర పాట అయిపోయిందని చెప్పడానికి "టింగ్" అని గంట కొట్టింది పుస్తకం. పిల్ల లేచి కూర్చుంది. ఆ టింగ్ పెట్టినవాళ్ల ఇంట్లో చిన్నపిల్లలు లేరని నా నమ్మకం.

అట్ట వెనక "వింటే పిల్లల మెదడు చురుకవుతుంది" అని ఉంది. ఇలాంటి మాటలన్నిటికీ మూలం 1993 నాటి మొజార్ట్ ప్రయోగం. అందులో విన్నది కాలేజీ విద్యార్థులు. ఆకారాల లెక్కల్లో కాస్త మెరుగు కనబడింది, అదీ పది పదిహేను నిమిషాలే. దాన్ని చూసి డబ్బు పెట్టకండి.

ఐదుకి రెండున్నర ఇస్తాను. తువా పేజీ లేకపోతే రెండే. కొనొద్దని మాత్రం అనను, ఎందుకంటే దీన్ని జాబితాలా వాడుకోవచ్చు. రోజూ పొద్దున్న "ఈ రోజు ఎక్కడికి?" అంటే పిల్ల ఒక పేజీ మీద వేలు పెడుతుంది, ఆ చోటి అసలు రికార్డింగు నేను పెడతాను. 1948లో మొదలై 1987 నుంచి అమెరికా స్మిత్సోనియన్ సంస్థ చేతుల్లో ఉన్న ఫోక్‌వేస్ రికార్డులు దీనికి బాగా పనికొచ్చాయి. ఏ పాట ఎవరు, ఎక్కడ పాడారో వివరాల పుస్తకాలు కూడా ఉచితంగా చదువుకోవచ్చు. పాట పూర్తిగా వినాలని పిల్లని కూర్చోబెట్టను. మధ్యలో లేచి పోతుంది, పోనీ. పక్కగదిలోకి కూడా వినబడుతుంది.

పోయిన వారం బ్యాటరీలు అయిపోయాయి. పిల్ల బల్గేరియా బటన్ నొక్కింది, ఏమీ రాలేదు. ఇంకోసారి గట్టిగా నొక్కి నా మొహం వైపు చూసింది. తక తక తకిట అన్నాను. గెంతింది. ఆఫ్రికా నొక్కింది, కలింబా తెచ్చి చేతిలో పెట్టింది. తువా నొక్కినప్పుడు మాత్రం నన్ను ఆగమని చెయ్యి చూపించి తనే గుర్రుమంది. కొత్త బ్యాటరీలు తెచ్చి అల్మారాలో పై అరలో పెట్టాను. ఇంకా వెయ్యలేదు.